ఆ సీఆర్ రాసింది నేనే

శ్రోతలకు నమస్కారం.

"హెచ్ఆర్ పనికి ఆడవాళ్లయితే బాగుంటుందండీ, ఓర్పు ఎక్కువ" అని ఒకాయన అంటాడు. "ఓర్పు సరే, యూనియన్‌వాళ్లొచ్చి బల్ల గుద్దితే తట్టుకునేదెవరు?" అని పక్కనున్నాయన అందుకుంటాడు. ఈ రెండు మాటలూ నేను ముప్పై ఏళ్లపాటు విన్నాను. దాచుకోవడం దేనికి, రెండూ అన్నాను కూడా. ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో, అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూసే విభాగంలో, చిన్న ఉద్యోగిగా చేరి, అక్కడే పెద్ద కుర్చీలో రిటైరయ్యాను. మధ్యలో ఎప్పుడో గుమ్మం మీద బోర్డు మార్చి హెచ్ఆర్ అని రాయించారు. లోపల బీరువాలూ మేమూ అలాగే ఉన్నాం. ఈ పనిలో ఆడవాళ్లు మెరుగా, మగవాళ్లు మెరుగా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. దానికి జవాబు చెప్పేముందు మీకొక సీఆర్ సంగతి చెప్పాలి.

సీఆర్ అంటే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. పై అధికారి కింది అధికారి గురించి ఏడాదికోసారి రాసి, కవరులో పెట్టి పంపేది. ప్రమోషన్లు దాని మీదే నడిచేవి. మంచి మాట రాశారో చెడ్డ మాట రాశారో ఆ మనిషికి తెలిసేది కాదు. 2008లో సుప్రీం కోర్టు దేవ్ దత్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆయన సరిహద్దు రోడ్ల సంస్థలో ఇంజనీరు. ఒక ఏడాది రిపోర్టులో ఆయనకు 'గుడ్' అని రాశారు. ప్రమోషన్‌కేమో 'వెరీ గుడ్' కావాలి. ఆ 'గుడ్' తన కొంప ముంచిందని ఆయనకు తెలియనే లేదు. ఇకమీదట మంచైనా చెడైనా రాసిన ప్రతి మాటా ఆ ఉద్యోగికి చూపించాల్సిందేనని కోర్టు చెప్పింది. దాంతో మా ఆఫీసులోనూ కవర్లు విప్పక తప్పలేదు.

కొన్నాళ్లకు మా డిపార్ట్‌మెంట్‌లోని ఒక ఆఫీసరు నా గదిలోకి వచ్చింది. పేరు చెప్పను, ఆవిడ అని చెబుతాను. చేతిలో రెండు జిరాక్స్ కాగితాలు. ఒకటి ఆవిడ సీఆర్, రెండోది అదే బ్యాచ్‌లో చేరిన ఇంకో ఆఫీసరుది. క్యాంటీన్‌లో ఇద్దరూ కాగితాలు మార్చుకుని చదువుకున్నారట. అంతకుముందు ఏడాది వేతన ఒప్పందం చర్చల్లో వాళ్లిద్దరూ రెండు రాత్రులు తెల్లవార్లూ కూర్చున్నారు. మామూలుగా చర్చలకు వెళ్లే ఆయన సెలవులో ఉన్నాడు, అందుకని తొలిసారి ఆవిణ్ణి పంపాం. ఆవిడతో కూర్చున్న ఆ బ్యాచ్ ఆఫీసరు రిపోర్టులో "తీసుకున్న వైఖరికి గట్టిగా కట్టుబడతాడు, ఒత్తిడికి లొంగడు" అని ఉంది. ఆవిడదాంట్లో "పనిమంతురాలు, కాని మొండితనం తగ్గించుకోవాలి, మాటలో మెత్తదనం అవసరం" అని ఉంది. ఇంగ్లీషులో రాసినవే, తెలుగులో చెబుతున్నాను.

"రెండూ మీ చేతిరాతే సార్" అంది. "ఆ రాత్రి మేమిద్దరం బల్లకు ఒకే పక్క కూర్చున్నాం. ఒకే మాట మీద ఉన్నాం. ఆయనది గట్టితనం, నాది మొండితనం ఎలా అయిందో చెప్పండి."

నేను ఏదో చెప్పబోయి, "టీ చెప్పనా అమ్మా?" అన్నాను.

టీ తాగలేదు. రాతపూర్వకంగా అర్జీ పెట్టుకుంది. నా పై అధికారి ఆ రెండు వాక్యాలూ కొట్టేయించారు. పనిలో పనిగా నాకూ రెండు తగిలించారు, ఆ వివరాలు ఇక్కడ అనవసరం.

నాదొక్కడిదే ఈ తప్పు అనుకుని కొన్నాళ్లు కుమిలిపోయాను. తర్వాత చదవడం మొదలుపెడితే తెలిసింది, ఇది చాలా పాత రోగమని. అమెరికాలో ప్రైస్ వాటర్‌హౌస్ అనే పెద్ద ఆడిటింగ్ సంస్థలో ఆన్ హాప్కిన్స్ అనే ఆవిడ ఉండేది. 1982లో భాగస్వామి హోదాకు 88 మంది పేర్లు వెళ్తే అందులో ఆడమనిషి ఆవిడ ఒక్కతే. ప్రభుత్వం నుంచి కోట్ల డాలర్ల కాంట్రాక్టు తేవడంలో ఆవిడది పెద్ద చెయ్యి. అయినా పక్కన పెట్టేశారు. పై వాళ్లు రాసిన అభిప్రాయాల్లో ఒకరు 'మగరాయుడిలా ఉంటుంది' అన్నారు, ఇంకొకరు మర్యాద నేర్పే బడికి పంపమన్నారు. ఆవిడ మేలు కోరిన ఆయనేమో కాస్త ఆడదానిలా నడువు, ఆడదానిలా మాట్లాడు, మేకప్ వేసుకో, నగలు పెట్టుకో అని సలహా ఇచ్చాడు. ఆయన నిజంగా ఆవిడకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు చూడండి, నాకు భయం వేసేది అక్కడే. మొండితనం తగ్గించుకోమని రాసినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. హాప్కిన్స్ కోర్టుకెక్కింది. 1989లో అక్కడి సుప్రీం కోర్టు ఆవిడ వైపు మొగ్గింది. 1991లో భాగస్వామిగానే అదే సంస్థలోకి తిరిగి అడుగుపెట్టింది.

మరి ఆడ, మగ స్వభావాల్లో అసలు తేడాయే లేదా? ఉంది, మనం అనుకున్నంత లేదు. జానెట్ హైడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2005లో ఒక పని చేసింది. పాత అధ్యయనాలను గుదిగుచ్చి లెక్కలు కట్టిన విశ్లేషణలు 46 ముందేసుకుని, ఆడ మగ తేడాలు ఎంతెంతో కొలిచింది. నూటికి 78 తేడాలు చాలా చిన్నవో, సున్నాకు దగ్గరవో అని తేలింది. పెద్ద తేడా కనిపించిన కొద్ది వాటిలో ఒకటి బంతి విసిరే వేగం. హెచ్ఆర్‌లో బంతులు విసిరే పని నాకు ఎప్పుడూ తగల్లేదు.

పై పదవుల్లో ఉన్నవాళ్ల తీరు మీద ఆలిస్ ఈగ్లీ బృందం 2003లో ఇలాంటి లెక్కే కట్టింది. కింది వాళ్లను ప్రోత్సహించడం, బాగా చేస్తే మెచ్చుకోవడం ఆడవాళ్లలో ఒక పిసరు ఎక్కువ. తప్పు జరిగేదాకా ఆగి అప్పుడు దిగడం మగవాళ్లలో ఒక పిసరు ఎక్కువ. ఆ పిసరు పట్టుకుని ఒక్క మనిషి గురించి ఏమీ చెప్పలేం. నా అనుభవంలో కార్మికుణ్ణి కన్నబిడ్డలా చూసుకున్న ఆఫీసర్లలో మీసాలవాళ్లు ఉన్నారు, ఛార్జిషీటు ఇచ్చేటప్పుడు చెయ్యి వణకని ఆఫీసర్లలో చీర కట్టినవాళ్లు ఉన్నారు.

ఇంకో సంగతి. ఎంపిక చేసే కుర్చీలో ఆడవాళ్లను కూర్చోబెడితే అంతా సర్దుకుంటుందని కొందరి నమ్మకం. 2012లో అమెరికాలో సైన్స్ ప్రొఫెసర్లు 127 మందికి ఒకే దరఖాస్తు పంపారు. ల్యాబ్ మేనేజరు ఉద్యోగం. సగం కాగితాల మీద జాన్ అని, సగం వాటి మీద జెన్నిఫర్ అని పేరు మార్చారు, అంతే. జాన్‌కు ఏడాదికి సుమారు 30 వేల డాలర్లు ఇవ్వొచ్చన్నారు, జెన్నిఫర్‌కు సుమారు 26,500. మహిళా ప్రొఫెసర్లూ జెన్నిఫర్‌కు అలాగే తక్కువ వేశారు. కాబట్టి ఈ చూపు కళ్లజోడు లాంటిది, ఎవరైనా పెట్టుకోవచ్చు.

ఇక రెండో సంగతికి వస్తాను. మాట కంటే ఎక్కువ నష్టం చేసేది ఇదేనని నా అభిప్రాయం. పని పంపకం.

ఈ వృత్తి పుట్టుకే చూడండి. 1896లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో రౌంట్రీ చాక్లెట్ ఫ్యాక్టరీవాళ్లు కార్మికుల బాగోగులు చూడటానికి మేరీ వుడ్ అనే ఆవిణ్ణి పెట్టుకున్నారు. ఆ దేశంలో ఇలాంటి ఉద్యోగం అందుకున్న తొలి మనిషిగా ఆవిడ పేరు చెబుతారు. 1913లో అదే ఊళ్లో ఇలాంటి సంక్షేమ ఉద్యోగులంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ తర్వాత యూనియన్లతో బేరాలు, జీతాల తగాదాలు ముఖ్యమయ్యాయి. ఆ పనికి మగవాళ్లు వచ్చారు. క్యాంటీను, విశ్రాంతి గది, జబ్బు చేస్తే పలకరింపు ఆడవాళ్ల వాటాలో మిగిలాయి. అధికారం జీతాల ఫైలు వెంట వెళ్లిపోయింది.

మన దగ్గర 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 500 మంది, ఆపైన పనిచేసే చోట వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలంది. మా ఫ్యాక్టరీలో కూడా యార్క్ కథే నడిచింది. శిశు సంరక్షణ గది, క్యాంటీన్ కమిటీ, మహిళా దినోత్సవం రోజు చీరల, ముగ్గుల పోటీలు, ఇవన్నీ 'మేడమ్ చూసుకుంటారు'. యూనియన్ డిమాండ్ల పత్రం, సమ్మె నోటీసు, లేబర్ కమిషనర్ దగ్గర వాయిదా, ఇవి 'సార్ చూసుకుంటారు'. పదేళ్ల తర్వాత డిపార్ట్‌మెంట్ పెద్ద పదవి ఖాళీ అయితే మేం అడిగే ప్రశ్న ఒకటే, పారిశ్రామిక సంబంధాల్లో అనుభవం ఎంత? ఆవిడకు లేదు. ఎలా ఉంటుంది, మేమే ఇవ్వలేదు. ఫైలు మీద మాత్రం 'ఆడవాళ్లు ఈ పనికి అంతగా పనికిరారు' అన్నట్టు కనిపించేది. సమర్థత అని మేం కొలిచిందంతా నిజానికి మా పంపకాల లెక్కే.

బస్సు సంగతి చెబితే ఇది ఇంకా తేటపడుతుంది. మా రెండో షిఫ్టు రాత్రి పదింటికి వదిలేవారు. కంపెనీ బస్సు కాలనీ బయట మెయిన్ రోడ్డు మీద దింపేసేది. అక్కణ్ణుంచి ముక్కాలు కిలోమీటరు చీకట్లో, కుక్కల మధ్య నడక. ఏళ్ల తరబడి రెండో షిఫ్టులో గైరుహాజరు ఎక్కువ. నేను దానిమీద మూడు మెమోలు, రెండు సర్క్యులర్లు ఇచ్చాను. ఆవిడకు ఆ షిఫ్టు బాధ్యత వచ్చిన నెలలోనే రవాణా కాంట్రాక్టరును పిలిపించి, బస్సును కాలనీ లోపల గుడి దాకా తిప్పించింది. గైరుహాజరు తగ్గింది. తగ్గింది ఆడవాళ్లదే కాదు, యాభై దాటిన మగ కార్మికులదీ తగ్గింది.

నేను మెచ్చుకుంటూ, "ఆడమనిషివి కాబట్టి నీకు తట్టిందమ్మా" అన్నాను.

"ఆడమనిషినని కాదు సార్, నేను ఆ బస్సెక్కుతాను కాబట్టి" అంది.

నేను పాతికేళ్లు కంపెనీ జీపులో తిరిగాను. ఆ జీపులో ఆడమనిషిని కూర్చోబెట్టినా ఆ కుక్కలు కనిపించేవి కావు.

అలాగని ఆడవాళ్లు ఉన్నా లేకున్నా ఒకటే అని నేననడం లేదు. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం, పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలంటుంది. అధ్యక్షురాలు మహిళే కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి. అది సబబే. మూడు నెలల్లోగా ఫిర్యాదు చెప్పుకోవాల్సిన అమ్మాయి ఐదుగురు మగవాళ్ల ముందు నోరు తెరవలేదు. అయితే కమిటీలో పేరు వేసి, ఆ చట్టం కూడా చదివించకపోతే అధ్యక్షురాలు మాత్రం ఏం చేస్తుంది? అలాంటి కమిటీలు నేను చూశాను, గోడ మీద బోర్డు తప్ప ఏమీ లేనివి.

ఇంటర్వ్యూల గురించీ ఒక మాట. "పిల్లల్ని ఎవరు చూసుకుంటారమ్మా?" అనే ప్రశ్న మా ప్యానెల్లో తప్పకుండా వచ్చేది. ఇద్దరు పిల్లల తండ్రిని ఆ ప్రశ్న అడిగిన గుర్తు నాకు లేదు. 2007లో అమెరికాలో షెల్లీ కొరెల్, తోటి పరిశోధకులు ఒకే రకం అర్హతలతో నిజమైన కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. పిల్లలు లేని ఆడవాళ్లకు వచ్చిన పిలుపుల్లో సుమారు సగమే తల్లులకు వచ్చాయి. తండ్రులకు ఆ నష్టం లేదు. మన దగ్గర ప్రసూతి సెలవును 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. మంచి చట్టం. కాని ఈఎస్ఐ వర్తించనివాళ్ల ఖర్చంతా యజమాని నెత్తిన ఉంది కాబట్టి, ఆ ప్రశ్న ఇప్పుడు పైకి అడక్కుండా లోపల అడుగుతున్నారని నా అనుమానం.

మా దగ్గర చివరికి కాస్త పనిచేసినవి రెండే. అభ్యర్థులందరినీ ముందే రాసిపెట్టుకున్న అవే ప్రశ్నలు అడగడం, పక్కవాడితో మాట్లాడకముందే ఎవరి మార్కులు వాళ్లు వేయడం ఒకటి. రెండోది సీఆర్‌లో విశేషణం రాస్తే పక్కనే దానికి ఆధారమైన సంఘటన, తేదీ వేయాలన్న నిబంధన. 'మొండి' అని రాసి తేదీ వెతుక్కోవాల్సి వస్తే చాలామంది ఆ మాటే మానేశారు. నేనూ మానేశాను.

ఫారాల సంగతి వచ్చింది కాబట్టి గుర్తొచ్చింది. మద్రాసులో గిండీ కాలేజీ నుంచి 1943లో ఇంజనీరై బయటికి వచ్చిన ఎ. లలిత మన తెలుగింటి ఆడపడుచే. పట్టా మీద ముందే అచ్చయి ఉన్న 'అతను' అనే మాట కొట్టేసి, చేత్తో 'ఆమె' అని దిద్దాల్సి వచ్చిందట. నేను ఉద్యోగంలో చేరేనాటికి కూడా మా సీఆర్ ఫారంలో 'అతని నాయకత్వ లక్షణాలు' అనే ఉండేది.

నా తర్వాత కొన్నేళ్లకు ఆవిడే డిపార్ట్‌మెంట్ పెద్ద అయింది. సీఆర్‌లు ఇప్పుడు కంప్యూటర్లో రాస్తారు. మొన్న మార్చి చివర్లో ఒక రాత్రి ఫోన్ చేసింది.

"సార్, ఒక అబ్బాయి గురించి 'పని మీద శ్రద్ధ తక్కువ' అని రాశాను. ఎందుకో మనసుకు పట్టడం లేదు."

"ఏం చేశాడు?"

"భార్యకు కాన్పయింది. నెల రోజులు సెలవు పెట్టాడు."

"అదే ఆడపిల్ల పెడితే ఏం రాసేదానివి?"

కాసేపు మాట లేదు. తర్వాత కీబోర్డు మీద ఒకే మీట టకటకా కొడుతున్న చప్పుడు వినిపించింది.