రెస్పాండర్ రెండో బిడ్: చేతిలో ఎంతుందో చెప్పాల్సింది ఇక్కడే

మీ పార్ట్‌నర్ బ్రిడ్జ్ ఆటలో 1 డైమండ్ అని బిడ్డింగ్ మొదలుపెట్టారు (ఆయన ఓపెనర్), మీరు 1 ఇస్పేట్ అని జవాబిచ్చారు (మీరు రెస్పాండర్), అవతలి జంట నోరెత్తలేదు. ఆ 1 ఇస్పేట్ విని మీ పార్ట్‌నర్‌కి తెలిసింది ఎంత? ఇస్పేట్లు కనీసం నాలుగున్నాయి, పాయింట్లు 6కి తగ్గవు. అంతే. మీ చేతిలో 6 ఉండొచ్చు, 16 కూడా ఉండొచ్చు, రెండింటికీ మొదటి బిడ్ ఒకటే. ఇప్పుడు ఆయన 2 కళావర్ అన్నారు, మళ్లీ మీ వంతు వచ్చింది. చాలామంది ఇక్కడే తడబడతారు, ఎందుకంటే మొదటి బిడ్ కాయితం చూసి నేర్చుకోవచ్చు, దీనికి మాత్రం ఆలోచించాలి.

ముందు లెక్క. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1, ఇది మీకు తెలిసిందే. ఇద్దరివీ కలిపి 25 ఉంటే గేమ్, అంటే బోనస్ వచ్చే బిడ్, ఆడొచ్చని అంచనా: 3 నో ట్రంప్ (తురుపు లేకుండా ఆడటం) గానీ, 4 ఆటీన్, 4 ఇస్పేట్ గానీ. (డైమండ్, కళావర్‌లో గేమ్ అంటే 11 ట్రిక్కులు లాగాలి, దానికి 29 దాకా కావాలి, అందుకే వీలైనంత వరకు నో ట్రంప్ వైపే చూస్తాం.) ఓపెనర్ దగ్గర 12 అయినా ఉంటాయి కాబట్టి మీ చేయి మూడు రకాల్లో ఒకటి: 6 నుంచి 10 అయితే తక్కువలో ఆగాలి, 11-12 అయితే అడిగి చూడాలి, 13 గానీ ఆపైన గానీ ఉంటే గేమ్‌కి వెళ్లాల్సిందే. రెండో బిడ్ పని ఈ మూడింట్లో మీది ఏదో చెప్పడం.

[తెర మీద: 1 డైమండ్ – 1 ఇస్పేట్ – 2 కళావర్ – ?]

ఇదే బిడ్డింగ్ అలాగే ఉంచి, చేతులు మాత్రం మారుస్తాను.

[తెర మీద మొదటి చేయి: ఇస్పేట్‌లో రాజు, రాణి, 9, 7, 4. ఆటీన్‌లో జాకీ, 6, 3. డైమండ్‌లో రాణి, 5. కళావర్‌లో 8, 6, 2.]

8 పాయింట్లు. కళావర్లు మూడున్నాయి కదా, పాస్ అనేస్తే పోలా అనిపిస్తుంది. వద్దు, 2 డైమండ్ అనండి. డైమండ్లు రెండేగా అంటారేమో, కానీ ఓపెనర్‌కి ఇక్కడ మామూలుగా డైమండ్లు ఐదు, కళావర్లు నాలుగు ఉంటాయి. అంటే ఐదూ రెండూ ఏడు, నాలుగూ మూడూ ఏడు. తురుపు ఒక్క చేతిలో పొడుగ్గా ఉంటేనే ఆట సులువు. అంతకన్నా పెద్ద కారణం ఇంకోటుంది: 2 కళావర్ అన్న ఓపెనర్‌కి 12 ఉండొచ్చు, 18 దాకా కూడా ఉండొచ్చు. మీరు పాస్ అంటే 18 ఉన్నాయన కూడా అక్కడే ఆగిపోతారు. 2 డైమండ్ అంటే ఆయనకి ఇంకో ఛాన్స్ ఇచ్చినట్టు, మీరేమో ఒక్క పాయింటు కూడా ఎక్కువ చెప్పనట్టు.

ఈ చేత్తోనే 2 ఇస్పేట్ అనేవాళ్లు బోలెడంతమంది. నన్నడిగితే ఈ స్థాయిలో జరిగే నష్టాల్లో సగం ఈ అలవాటు వల్లే. ఓపెనర్ డైమండ్లు, కళావర్లు కలిపి తొమ్మిది ముక్కలు చూపించారు, మిగిలిన నాలుగింట్లో ఇస్పేట్ ఒక్కటే ఉంటే? ఆయన పాస్ అంటారు, మీరు ఆరు తురుపులతో కూర్చుంటారు, అవతలివాళ్ల దగ్గర ఏడుంటాయి! నాలుగు ముక్కల సంగతి మొదటి బిడ్ చెప్పేసింది, ఐదో ముక్క ఒక్కదాని కోసం మళ్లీ అనక్కర్లేదు. మళ్లీ ఇస్పేట్ అనాలంటే ఆరుండాలి. పై చేతిలోంచి ఒక డైమండ్ తీసి ఒక ఇస్పేట్ పెట్టండి, అప్పుడు 2 ఇస్పేట్ చక్కటి బిడ్.

[తెర మీద రెండో చేయి: ఇస్పేట్‌లో ఆసు, రాణి, 9, 7, 4. ఆటీన్‌లో రాజు, జాకీ, 3. డైమండ్‌లో 8, 5. కళావర్‌లో జాకీ, 6, 2.]

పొందిక అదే, పాయింట్లు 11. ఎవరూ అనని రంగు ఆటీన్, అందులో రాజూ జాకీ ఉన్నాయి, అంటే అవతలివాళ్లు ఆ రంగు మొదలుపెట్టినా మనం మునిగిపోం. కాబట్టి 2 నో ట్రంప్. ఇది అడిగి చూడటం మాత్రమే, బలవంతం ఏమీ లేదు: ఓపెనర్‌కి 12-13 ఉంటే పాస్ అంటారు, 14 గానీ ఆపైన గానీ ఉంటే 3 నో ట్రంప్.

[తెర మీద మూడో చేయి: ఇస్పేట్‌లో ఆసు, రాణి, 9, 7, 4. ఆటీన్‌లో 8, 6, 3. డైమండ్‌లో రాజు, 5. కళావర్‌లో ఆసు, 6, 2.]

ఇదీ అసలు తలనొప్పి. 13 ఉన్నాయి, గేమ్ ఆడాల్సిందే, కానీ ఏ గేమ్? 3 నో ట్రంప్ అందామంటే ఆటీన్లలో పెద్ద ముక్క లేదు, ఓపెనర్ దగ్గరా లేకపోతే వాళ్లు ఆ రంగు వరసగా లాగేస్తారు. 3 ఇస్పేట్ అందామంటే ఆరు ముక్కలున్న 11-12 చేయి అనుకుని ఆయన పాస్ అనొచ్చు. ఇలాంటప్పుడు 2 ఆటీన్ అనండి. అవును, చేతిలో 8, 6, 3 పెట్టుకునే. మూడు రంగులు అయిపోయాక నాలుగో రంగు అనడాన్ని ఫోర్త్ సూట్ ఫోర్సింగ్ అంటారు. నాకు ఆటీన్లు ఉన్నాయని దాని అర్థం కాదు, నా దగ్గర బలం ఉంది, మీ చేతి గురించి ఇంకొంచెం చెప్పండి అని. ఓపెనర్ పాస్ అనడానికి లేదు. ఆటీన్ ఆపగలిగితే నో ట్రంప్ అంటారు, ఇస్పేట్లు మూడుంటే 2 ఇస్పేట్ అంటారు, అప్పుడు మీకు ఎనిమిది తురుపులు దొరికినట్టే, 4 ఇస్పేట్‌కి వెళ్లిపోవచ్చు. రెండూ లేకపోతే డైమండో కళావరో మళ్లీ అంటారు.

మిగతావి ఇంత కష్టం కాదు. ఓపెనర్ రెండోసారి 1 నో ట్రంప్ అన్నారంటే 12 నుంచి 14, కూడిక చేసుకోండి చాలు: మీకు 10 ఉంటే గరిష్ఠంగా 24, పాస్. 11-12కి 2 నో ట్రంప్, 13కి 3 నో ట్రంప్. ఇస్పేట్లు ఐదుండి, ఆయన దగ్గర మూడున్నాయేమో కనుక్కోవాలంటే ఓపెనర్ అనని కళావరో డైమండో వాడే పద్ధతులున్నాయి, అది వేరే వీడియో. మీ ఇస్పేట్‌ని 2 ఇస్పేట్ చేశారా, అదే లెక్క: పాస్, 3, 4.

ఒక్క జాగ్రత్త. ఓపెనర్ 2 కళావర్ బదులు 2 ఆటీన్ అంటే దాన్ని రివర్స్ అంటారు, ఆయన దగ్గర 17 అయినా ఉంటాయి. ఎగిరి 3 కళావర్ అన్నారంటే ఇంకా ఎక్కువ, 19 దగ్గర్లో. ఈ రెండింటికీ మీ దగ్గర 6 పాయింట్లే ఉన్నా పాస్ లేదు, టెన్షన్ పడకుండా ఏదో ఒక బిడ్ చెప్పండి.

ఇక నాలుగో రంగు అన్నాక గేమ్ దాకా ఆగకూడదా, లేక ఒక్క రౌండ్‌కేనా అన్నది జంటని బట్టి మారుతుంది. కూర్చునే ముందే పార్ట్‌నర్‌ని అడిగేయండి, ఎందుకంటే ఒక్క రౌండ్‌కే అనుకునే ఆయన 2 ఇస్పేట్ తర్వాత మీ 3 ఇస్పేట్‌కి పాస్ అనొచ్చు, గేమ్ దాకా అనుకున్న మీరేమో ఆయన జవాబు కోసం ఎదురుచూస్తుంటారు.