ఆగిపోయిన ప్రయోగంతో మొదలైన శాస్త్రం
(డిగ్రీ మొదటి సంవత్సరం బయోటెక్నాలజీ విద్యార్థుల పరిచయ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు నమస్కారం. కొత్తగా చేరిన పిల్లలందరికీ స్వాగతం.

బయోటెక్నాలజీ చరిత్ర కాసేపు, చివర్లో ల్యాబ్ జాగ్రత్తలు కాసేపు చెప్పమన్నారు మీ హెచ్‌ఓడీ గారు. ఆ రెంటినీ విడదీసి చెప్పడం నావల్ల కాదు. మీ సిలబస్‌లో అవి వేరే వేరే యూనిట్లు కావచ్చు గానీ, జరిగింది మాత్రం ఒకటే కథ.

పెరుగు, ఇడ్లీ పిండి, కల్లు అంటూ మొదలుపెట్టడం ఆనవాయితీ. అది ఎలాగూ మీ పుస్తకం మొదటి పేజీలోనే ఉంటుంది, వదిలేస్తున్నాను. బయోటెక్నాలజీ అన్న పేరు 1919లో హంగేరీకి చెందిన కార్ల్ ఎరెకీ పెట్టాడు. అంతకు కొద్దికాలం ముందే, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఖైమ్ వైజ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక క్లాస్ట్రిడియం బ్యాక్టీరియాతో మొక్కజొన్న పిండి నుంచి అసిటోన్ తీయించాడు. తుపాకీ మందు తయారీకి బ్రిటన్‌కు అది అత్యవసరం. ఆ తర్వాత పెన్సిలిన్ వచ్చింది. ఇక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ కంపెనీలో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలోనే, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశాడు. అది 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది అదే.

ఇవన్నీ ఆ సూక్ష్మజీవి తనంతట తాను చేసే పనులే. మనం దానికి తిండి పెట్టి, పెంచి, అది చేసినదాన్ని తీసుకున్నాం, అంతే. దానికి తెలియని పనిని మనమే నేర్పడం 1970లలో మొదలైంది. అసలు కథ అక్కడుంది.

స్టాన్‌ఫర్డ్‌లో పాల్ బెర్గ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఎస్‌వీ 40 అని కోతుల్లో కనిపించే ఒక వైరస్ ఉంది. హామ్‌స్టర్‌లకు ఎక్కిస్తే వాటిలో కణితులు వస్తాయి. దాని డీఎన్‌ఏని ఇంకో డీఎన్‌ఏతో అతికించి, ఈ.కోలై బ్యాక్టీరియాలోకి పంపాలని బెర్గ్ ఆలోచన. 1971 వేసవిలో ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న జానెట్ మెర్ట్‌జ్, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఒక కోర్సుకు వెళ్లి మాటల్లో ఈ సంగతి చెప్పింది. అక్కడ పాఠం చెబుతున్న రాబర్ట్ పొలాక్‌కు గుండె గుభేల్‌మంది. ఈ.కోలై ఎక్కడుంటుంది? మన పేగుల్లో. కణితులు తెచ్చే వైరస్ జన్యువులు మోసే ఈ.కోలై ల్యాబ్ దాటి ఎవరి పేగుల్లోనైనా చేరితే? ఆయన నేరుగా బెర్గ్‌కే ఫోన్ చేశాడు.

బెర్గ్‌కు మొదట చిరాకేసింది. తర్వాత పదిమందిని అడిగి చూశాడు. ప్రమాదం తక్కువే అన్నారు గానీ, అసలు లేదని ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఆయన ఆ మెట్టు దగ్గరే ఆగిపోయాడు. పరీక్షనాళికలో రెండు డీఎన్‌ఏలను అతికించిన సంగతి 1972లో ప్రచురించాడు గానీ, దాన్ని బ్యాక్టీరియాలోకి పంపలేదు. చేసిన దానికి 1980లో నోబెల్ వచ్చింది. చేయకుండా ఆపిన దానికి బహుమతులుండవు. నన్నడిగితే ఆయన చేసిన పనుల్లో పెద్దది ఆ రెండోదే.

1973లో స్టాన్లీ కోయెన్, హెర్బర్ట్ బోయర్ ప్లాస్మిడ్లతో, అంటే బ్యాక్టీరియాలో ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాలతో, అతికించిన డీఎన్‌ఏని బ్యాక్టీరియాలోకి పంపి చూపించారు. దాంతో ఇది ప్రతి ల్యాబ్‌లోనూ జరుగుతుందని అర్థమైపోయింది. 1974లో బెర్గ్, మరికొందరు కలిసి కొన్ని రకాల ప్రయోగాలను తాత్కాలికంగా ఆపుదామని బహిరంగ లేఖ రాశారు. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలొమార్‌లో 140 మంది దాకా కూర్చుని, ఏ ప్రయోగానికి ఎంత కట్టడి ఉండాలో వాదించుకున్నారు. ఆ మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ నియమాలు ప్రకటించింది.

ఆ వాదనల్లోంచి ఒక చక్కటి ఆలోచన పుట్టింది. గోడలు, తలుపులు, ఫిల్టర్లు ఒక రకం కట్టడి. బయటికి పోతే బతకలేని బ్యాక్టీరియాతోనే పని చేయడం రెండో రకం కట్టడి. రాయ్ కర్టిస్ అనే శాస్త్రవేత్త అలాంటి ఈ.కోలైని తయారు చేశాడు. మనం పెట్టే ప్రత్యేకమైన పోషకాలు లేకపోతే అది చచ్చిపోతుంది, పేగుల్లోని పిత్తరసం తగిలినా చచ్చిపోతుంది. అమెరికా స్వాతంత్ర్యానికి రెండొందల ఏళ్లు నిండాయని దానికి కై 1776 అని పేరు పెట్టారు. మీరు రేపు ల్యాబ్‌లో వాడబోయే ఈ.కోలై రకాలు కూడా కే-12 అనే పాత ల్యాబ్ వంశానివే. తరాల తరబడి ప్లేట్ల మీదే పెరిగి, పేగుల్లో నిలదొక్కుకునే శక్తి పోగొట్టుకున్నవి. మొదటి ఏడాది పిల్లల చేతికి ధైర్యంగా ఇస్తున్నామంటే కారణం అదే.

ఈ నియమాలు ఎంత దూరం పోయాయో ఇన్సులిన్ పోటీలో చూడొచ్చు. అంతకుముందు ఇన్సులిన్‌ను ఆవుల, పందుల క్లోమం నుంచి తీసేవారు. మనిషి ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టడానికి పోటీ పడినవాళ్లలో హార్వర్డ్‌కు చెందిన వాల్టర్ గిల్బర్ట్ ఒకడు. మనిషి నుంచి తీసిన డీఎన్‌ఏ కాబట్టి అత్యంత కట్టుదిట్టమైన ల్యాబ్ కావాలి. 1978లో ఆయన బృందం ఇంగ్లండ్‌లోని పోర్టన్ డౌన్ సైనిక ప్రయోగశాలకు వెళ్లింది. ఇంత చేసి, చివరికి వాళ్ల చేతికి చిక్కింది ఎలుక ఇన్సులిన్ జన్యువు! తెచ్చుకున్న పదార్థంలోనే అది కలిసిపోయింది. ఈలోగా జెనెన్‌టెక్ అనే చిన్న కంపెనీ జన్యువును రసాయనాలతోనే తయారు చేసుకుంది. అలా చేసిన డీఎన్‌ఏకి ఆ కట్టడి అక్కర్లేదు. 1978 సెప్టెంబర్‌లో వాళ్లు గెలిచామని ప్రకటించారు. 1982లో ఆ ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది.

అదే 1978 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోనే ఇంకోటి జరిగింది. బర్మింగ్‌హామ్ వైద్య కళాశాలలో జానెట్ పార్కర్ అనే ఫొటోగ్రాఫర్ మశూచితో చనిపోయింది. ఆమె పని వైరస్‌లతో కాదు. ఆమె గదికి కింది అంతస్తులో మశూచి ల్యాబ్ ఉంది. వైరస్ ఆమెకెలా చేరిందన్నది ఈనాటికీ తేలలేదు. ఆ ల్యాబ్ అధిపతి ప్రాణం తీసుకున్నాడు. ప్రపంచంలో మశూచి చావుల్లో చివరిది అదే.

మన దేశంలో బయోటెక్నాలజీ శాఖ 1986లో ఏర్పడింది, జన్యుమార్పిడి జీవుల మీద నియమాలు 1989లో వచ్చాయి. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ అంతకంటే పాతది, 1977లో పుష్ప మిత్ర భార్గవ గారితో మొదలైంది. హైదరాబాద్‌లోనే వరప్రసాద్ రెడ్డి గారు పెట్టిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. దిగుమతి టీకా కంటే చాలా తక్కువ ధరకు ఇచ్చారని అందరూ చెప్పుకుంటారు. నేను ఇంకోటి చెబుతాను. ఆ టీకాలో వైరస్ లేదు. వైరస్ పైపొరలోని ఒక్క ప్రొటీన్‌ను ఈస్ట్ చేత చేయించారు. తయారీలో ఎక్కడా రోగకారక వైరస్‌ను పెంచనక్కర్లేదు.

ఇక మీ ల్యాబ్‌కు వద్దాం. ల్యాబ్ జబ్బులు అనగానే సీసా పగలడం, సూది గుచ్చుకోవడం గుర్తొస్తాయి. సల్కిన్, పైక్ అనే ఇద్దరు అమెరికాలో ఈ లెక్కలు తీశారు. ఫలానా ప్రమాదం వల్ల వచ్చిందని చెప్పగలిగినవి ఐదో వంతు కూడా లేవు. మిగతావి ఎలా సోకాయో పనిచేసిన వాళ్లకే తెలియదు. ద్రవాన్ని కొలిచి తీసే గొట్టం పిపెట్‌లోంచి చివరి చుక్కను బుడగలతో ఊదినా, బ్యాక్టీరియాను ఎత్తే తీగ లూప్‌ను కాల్చి వేడిగానే కల్చర్‌లో చుయ్‌మనిపించినా కంటికి కనబడని తుంపరలు లేస్తాయి. వాటినే పీలుస్తాం. లూప్ చల్లారే దాకా ఆగండి. నోటితో పిపెట్ పీల్చడం ఒకప్పుడు అన్నిచోట్లా మామూలే. ఇప్పుడు నీళ్లకైనా సరే, నోరు పెట్టొద్దు.

లామినార్ గురించి, అంటే శుభ్రమైన గాలి వీచే పెట్టె లాంటి బల్ల గురించి, ఒక అపోహ పోగొట్టాలి. దాని ముందు కూర్చుంటే మనం సేఫ్ అనుకుంటారు. కాలేజీల్లో ఎక్కువగా ఉండే రకంలో శుభ్రమైన గాలి వెనక నుంచి ప్లేటు మీదుగా మీ ముఖం మీదికే వస్తుంది. అది కాపాడేది ప్లేటును, మిమ్మల్ని కాదు. మిమ్మల్ని కూడా కాపాడేది బయోసేఫ్టీ క్యాబినెట్, అది వేరు. కాబట్టి మట్టి నుంచో మురుగు నుంచో పెంచిన ప్లేటులో ఏం మొలిచిందో తెలియనప్పుడు, మూత టేపుతో అంటించే చూడండి. వాసన అస్సలు చూడొద్దు. చెయ్యి పెట్టేముందు యూవీ లైటు ఆపారో లేదో చూసుకోండి.

నిజం చెప్పాలంటే, మీ స్థాయిలో బ్యాక్టీరియా కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది నిప్పు. చేతులు, బల్ల తుడవడానికి 70 శాతం ఆల్కహాల్ వాడతాం. ఆ మిగతా నీళ్లు ఉంటేనే అది కణంలోకి దిగి ప్రొటీన్లను పాడుచేస్తుంది, అందుకే నూరు శాతం కంటే ఇదే బాగా పనిచేస్తుంది. కానీ 70 శాతమైనా భగ్గుమని అంటుకుంటుంది. తడి చేతులతో మంట దగ్గరికి పోవద్దు. వెలుగుతున్న స్పిరిట్ ల్యాంపులో స్పిరిట్ పోయొద్దు. ప్లేటు మీద బ్యాక్టీరియాను పరిచే కడ్డీ స్ప్రెడర్‌ను కాల్చి, మంట ఆరకుండానే మళ్లీ ఆల్కహాల్ గిన్నెలో ముంచితే గిన్నె మొత్తం అంటుకుంటుంది. కంగారుపడి ఊదొద్దు, పైన మూత పెట్టేస్తే ఆరిపోతుంది.

ఆటోక్లేవ్ అంటే ఒత్తిడిలో ఆవిరితో క్రిములను చంపే పాత్ర. 121 డిగ్రీలు, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి. ముల్లు సున్నాకు రాకముందు తెరవొద్దు. బస్సుకు టైమైందని ఆవిరి ఒక్కసారిగా వదిలితే సీసాల్లో మీడియా, అంటే బ్యాక్టీరియాకు పెట్టే తిండి, పొంగిపోతుంది, మూత తీసిన వాళ్ల ముఖం కాలుతుంది.

గ్లవ్స్ ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండొద్దు. 1996లో అమెరికాలో కారెన్ వెటర్‌హాన్ అనే పేరున్న రసాయన శాస్త్రవేత్త గ్లవ్స్ వేసుకునే పనిచేసింది. డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరస విషం కొన్ని చుక్కలు లాటెక్స్ గ్లవ్ మీద పడ్డాయి. అది ఆ గ్లవ్ లోంచి దిగిపోయింది. మరుసటి ఏడాది ఆమె చనిపోయింది. మీరు అలాంటిది వాడరు గానీ, డీఎన్‌ఏని చూసే జెల్స్‌కు ఎథిడియం బ్రోమైడ్ వాడతారు, అది డీఎన్‌ఏ నిచ్చెన మెట్ల మధ్య దూరే రంగు. దానికి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. ఆ గ్లవ్స్‌తోనే తలుపు గడియ, ఫోను పట్టుకోవద్దు. ఏ సబ్జెక్టు ల్యాబ్‌లో చూసినా ఇదే జరుగుతోంది, ఫోన్ మోగగానే చెయ్యి జేబులోకి పోతుంది. ఫోన్ బ్యాగులో పెట్టి, బ్యాగు బయట పెట్టండి.

వచ్చే వారం మీ మొదటి ప్రాక్టికల్ మీడియా తయారీ. కోటు కాటన్‌దే కొనండి. నైలాన్ కలిసిన గుడ్డ మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. చెప్పులు కాదు, కాళ్లు మూసే బూట్లు. చున్నీ ఉంటే కోటు లోపల వేసుకోండి, జుట్టు ముడివేసుకోండి. కోటుతో క్యాంటీన్‌కు వెళ్లొద్దు. ఆస్తమా, అలర్జీ ఉన్నవాళ్లు ఇన్‌చార్జి మేడమ్‌కు ముందే చెప్పండి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు కూడా. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఏదైనా ఒలికినా, తెగినా, మార్కులు పోతాయని దాచకుండా వెంటనే చెప్పండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.