ఈ స్పీకర్‌కి నిశ్శబ్దం పడదు | నా పాటలతో రివ్యూ

అందరికీ నమస్కారం. చెన్నై నుంచి, ఎప్పటిలాగే బయట బస్సు హారన్లతో సహా. ముందే చెప్పేస్తున్నా, ఈ స్పీకర్ నేను కొన్నది కాదు, కంపెనీవాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బులివ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. తమ యాప్‌లో ఉన్న డెమో పాటలతో టెస్ట్ చేయమన్నారు, అంతే. ఆ పాటలు విన్నాను. అన్నీ ఒకే జిమ్‌లో పుట్టినట్టున్నాయి. అందుకే నా పాటలే పెట్టాను. పేరు, ధర తెర మీద కనిపిస్తున్నాయి, నా నోటితో చెప్పను.

వాట్స్ ఎన్ని, బ్యాటరీ ఎన్ని గంటలు, నీళ్ళలో పడితే ఏమవుతుంది, ఇవన్నీ ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. వాటి జోలికి పోను.

ముందు మంచి మాట. బేస్ బాగుంది. ఊరికే డబడబ కొట్టే బేస్ కాదు. నేను దీని మీద మొదట పెట్టింది జముకుల కథ. ఉత్తరాంధ్ర వాళ్ళకి జముకు గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: ఒక పక్క చర్మం మూసిన డబ్బా, దానికి కట్టిన తీగ. తీగని బిగిస్తూ వదులుతూ మీటితే శబ్దం కిందికీ పైకీ జారుతుంది. చిన్న స్పీకర్లలో ఆ జారుడు వినపడదు, మీటిన టక్కు ఒక్కటే వినిపిస్తుంది. ఇందులో జారుడు మొత్తం వినపడింది. అదే ఊపులో వంగపండు ప్రసాదరావు గారి ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ పెట్టాను. ఆయన స్వయంగా పాడిన రికార్డింగే వెతుక్కోండి, వేరేవాళ్ళు పాడినవి తర్వాత వినొచ్చు. ఆ గొంతులో ఉన్న గరుకుని ఈ స్పీకర్ నునుపు చేయలేదు. అక్కడిదాకా నేను ఫుల్ హ్యాపీ.

ఆ తర్వాత కర్ణాటక సంగీత గాయకుడు ఎం.డి. రామనాథన్ పాట పెట్టాను. అక్కడ మొదలైంది గొడవ.

రామనాథన్ గారు పాలక్కాడ్ వైపు పుట్టారు, ఇక్కడే కళాక్షేత్రలో పాఠం చెప్పారు. బాగా దిగువ శ్రుతి, నింపాదిగా పాడే పద్ధతి. ఆయన పాడిన ‘సామజవరగమన’ వినకపోతే ఈ వీడియో ఆపేసి వెళ్ళి విని రండి, నేనేమీ అనుకోను. త్యాగరాజు గారి కృతి, హిందోళ రాగం. మనకి చిన్నప్పటి నుంచి తెలిసిన పాటే. కానీ ఈయన ఒక మాట అని ఆగుతారు. హాయిగా ఆగుతారు. ఆ ఆగినచోట తంబూరా మాత్రమే ఉంటుంది, చాలా మెల్లగా.

ఈ స్పీకర్‌లో ఏం జరిగిందంటే, ఆయన ఆగగానే తంబూరా పెరగడం మొదలుపెట్టింది. క్షణంలో గది నిండిపోయింది. మళ్ళీ ఆయన గొంతెత్తగానే తంబూరా ఠక్కున తగ్గింది, గొంతు కూడా కాస్త నొక్కేసినట్టయింది. పాట పొడుగునా ఇదే తంతు. కింది ఇంటి మామి డిసెంబర్ సీజన్‌లో ఒక్క కచేరీ వదలరు. మెట్ల దగ్గర ఆగి, “ఏమప్పా, ఇందులో కచేరీ తంబూరాదా, రామనాథన్‌దా?” అని అడిగారు. ఇంతకంటే మంచి రివ్యూ నేను చెప్పలేను.

విషయమేమిటంటే, ఇందులో ఆటో లెవెల్ అని ఒక ఫీచర్ ఉంది. మెల్లగా ఉన్నచోట సౌండ్ తనే పెంచుతుంది, గట్టిగా ఉన్నచోట తనే తగ్గిస్తుంది. యాప్‌లో లైట్ల రంగు మార్చడానికి ఒక పేజీ మొత్తం ఉంది, దీన్ని ఆఫ్ చేయడానికి మాత్రం ఒక్క బటన్ లేదు. మెయిల్ పెట్టాను. “అది మా ముఖ్యమైన ఫీచర్ సర్” అని జవాబు వచ్చింది.

ఈ జబ్బు నాకు కొత్త కాదు. నెల్లూరులో మా నాన్నగారి దగ్గర ఒక టూ-ఇన్-వన్ ఉండేది. విజయవాడ రేడియోలో పొద్దున్నే వచ్చే భక్తిరంజనిని అందులో క్యాసెట్‌కి ఎక్కించేవారు. ఆ సెట్‌లో రికార్డింగ్ లెవెల్ తిప్పే నాబ్ లేదు, లోపలి సర్క్యూట్టే సర్దేసేది. పాట ఆగినచోటల్లా తంబూరా, దాని వెనకే రేడియో గరగర, రెండూ పైకొచ్చేవి. అయినా అప్పట్లో దానికో కారణం ఉంది. చవక టేపు మీద శబ్దం మరీ తగ్గితే టేపు బుసలో మునిగిపోతుంది, మరీ పెరిగితే బద్దలవుతుంది. సామాన్యులకి ఆ తలనొప్పి లేకుండా చేశారు. ఇప్పుడు టేపూ లేదు, బుసా లేదు. మరి ఈ పెత్తనం ఎందుకు?

సరే, మన పాటలకే ఇలా ఉందేమో అని దేశాలు దాటాను. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్, 1959. జాజ్ అంటే భయపడేవాళ్ళకి నేను ఎప్పుడూ ఇదే చెప్తా, అందులో మొదటిది ‘సో వాట్’. బిల్ ఎవాన్స్ పియానో, పాల్ చేంబర్స్ బేస్, ఇద్దరూ రహస్యం మాట్లాడుకుంటున్నట్టు మొదలవుతుంది. కాసేపటికి మైల్స్ ట్రంపెట్ సోలో అందుకునేచోట డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ మీద, అంటే డ్రమ్స్‌తో ఉండే ఇత్తడి పళ్ళెం మీద, ఒక దెబ్బ వేస్తాడు. ఆ ఒక్క దెబ్బ కోసమే నేను ఆ పాట ఎన్నిసార్లు పెట్టి ఉంటానో. ఇందులో మొదటి రహస్యం మైకు పెట్టినట్టు వినపడింది. దెబ్బ పడేచోటికి వచ్చేసరికి స్పీకర్ దడుచుకుని సౌండ్ దించేసింది. దెబ్బ పడింది, తగల్లేదు.

నుస్రత్ ఫతే అలీ ఖాన్ దగ్గర ఇంకా దారుణం. 1985లో ఇంగ్లండ్‌లో వోమాడ్ అనే పండగలో పాడిన కచేరీ 2019లో ఆల్బమ్‌గా వచ్చింది. ఖవ్వాలీ కొత్తవాళ్ళు అందులో ‘అల్లా హూ’తో మొదలుపెట్టండి. హార్మోనియం, తబలా, చప్పట్లు, వెనక బృందం. ఆయన ఒంటరిగా ఎక్కి ఎక్కి వెళ్తారు, ఒక్కసారిగా బృందమంతా వచ్చి పడుతుంది. వచ్చి పడాలి. ఇందులో అందరూ క్యూలో నిలబడి వచ్చారు.

క్యూబా పాట ఒక్కటి కాస్త బతికింది. ‘చాన్ చాన్’, 1997లో వచ్చిన బ్యూనా విస్టా సోషల్ క్లబ్ ఆల్బమ్‌లో మొదటి పాట. ఆ కథ కూడా బాగుంటుంది. హవానాలో మాలీ దేశపు సంగీతకారుల్ని, క్యూబా వాళ్ళని కలిపి రికార్డ్ చేయాలనుకున్నారు. మాలీ వాళ్ళు వీసా చిక్కుల్లో పడి రాలేకపోయారు. స్టూడియో బుక్ అయిపోయింది కదా అని క్యూబా పెద్దవాళ్ళని పోగేశారు. ఈ పాట కట్టిన కంపాయ్ సెగుందోకి అప్పటికి 88 ఏళ్ళు, కింది స్వరంలో వినిపించే గొంతు ఆయనదే. పాట పొడుగునా ఒకే ఎత్తులో, ఒకే నడకలో పోతుంది కాబట్టి స్పీకర్‌కి వేలు పెట్టే చోటు దొరకలేదు.

ఈ లెక్కన ధీ, అరివు పాడిన మన చెన్నై పాట ‘ఎంజాయ్ ఎంజామి’ అదిరిపోయింది. ఒప్పారి (చావు దగ్గర పాడే తమిళ శోకగీతం) ఏడుపు, డాన్స్ బీటు కలిసిన పాట, 2021లో వచ్చింది, సంతోష్ నారాయణన్ నిర్మించారు. ఇప్పటి పాటలు చాలావరకు స్టూడియోలోనే హెచ్చుతగ్గులు చదును చేసుకుని వస్తాయి. ఈ స్పీకర్ సర్దడానికి ఇంక మిగిలేదేమీ ఉండదు. మీరు వినేవన్నీ ఇలాంటి పాటలే అయితే నేను పావుగంటగా ఎందుకు ఇంత ఆవేశపడుతున్నానో మీకు అర్థం కూడా కాదు, హాయిగా కొనుక్కోండి.

చివరగా తువా పాట. రష్యాలో, మంగోలియాకి ఆనుకుని ఉన్న ప్రాంతం తువా. అక్కడి హూన్-హూర్-తూ బృందం పాడిన ‘కొంగురేయ్’ వినండి. తన మందలో ఉన్న అరవై గుర్రాలు ఏమయ్యాయని అడిగే పాట. అదే బృందం ‘ఖూమెయ్’ అనే పద్ధతిలో పాడేవి కూడా వినండి. ఒకే మనిషి గొంతులోంచి కింద ఒక గట్టి శ్రుతి, పైన ఈల లాంటి సన్నని స్వరం, రెండూ ఒకేసారి వస్తాయి. తంబూరాకి అలవాటైన మన చెవులకి ఇది పరాయి సంగీతంలా అనిపించదు. ఆ ఈల సన్నగా ఎక్కడినుంచో రావడమే దాని అందం. ఈ డబ్బాలో పక్కింటి కుక్కర్ కూసినట్టుంది.

ఒప్పుకోవాల్సిన మాట కూడా ఉంది. కారులో, వంటింట్లో, రోడ్డు పక్క టీ కొట్లో ఈ ఫీచర్ పనికొస్తుంది. బయట రొద ఉన్నప్పుడు మెల్లగా ఉన్న ముక్కలు ఎలాగూ వినపడవు, పెంచితే మంచిదే. నేను అడిగేది ఫీచర్ తీసేయమని కాదు, ఒక్క బటన్ ఇవ్వమని.

మరి కొనాలా? మార్కుల ప్రకారం చూస్తే బేస్, గొంతు, బ్యాటరీ, తయారీ అన్నీ బాగున్నాయి. అయినా నేను కొనను, మిమ్మల్నీ కొనమనను. ఇదే డబ్బుతో ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌కి వెళ్ళి, యాప్ లేని, లైట్లు లేని రెండు మామూలు స్పీకర్లు కొనుక్కోండి. కొట్లోనే ‘సో వాట్’ పెట్టమనండి. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. మొదటి నిమిషం మెల్లగా ఉండి, ఆ సింబల్ దెబ్బ ఉలిక్కిపడేలా తగిలితే బిల్లు వేయించుకోండి.

ఈ పాటలన్నీ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను, చెప్పడానికి టైమ్ చాలని కేప్ వెర్దె గాయని సెజారియా ఎవోరా పాట ‘సొదాదే’తో సహా. కంపెనీవాళ్ళు అప్‌డేట్‌లో ఆ బటన్ ఇస్తే ఇదే రామనాథన్ పాటతో మళ్ళీ టెస్ట్ చేస్తాను. ఈలోపు మెల్లగా మొదలై తర్వాత పేలే పాటలు మీకు తెలిస్తే కామెంట్లలో రాయండి, ఏ భాషైనా ఫర్వాలేదు. రీమిక్సులు మాత్రం పంపకండి.