చీటీతో నడిచిన నగరం: ఏథెన్స్ నుంచి మనం ఇంకా తీసుకోవలసినది

సభలోని పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

ప్రాచీన గ్రీకు సంస్కృతి అనగానే మన మనసులో మెదిలేవి పాలరాతి స్తంభాలు, ఒలింపిక్ క్రీడలు, సోక్రటీస్, ప్లేటోల పేర్లు. వాటి గొప్పతనం అందరికీ తెలిసిందే. అయితే ఈనాటి మన జీవితానికి అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చేదీ, మనం అన్నిటికంటే తక్కువగా పట్టించుకున్నదీ మరొకటి ఉన్నదని నా అభిప్రాయం. ఏథెన్స్ నగరం తన అధికారులలో అత్యధికులను, న్యాయనిర్ణేతలను ఎన్నికలు పెట్టి కాకుండా చీట్లు తీసి నియమించుకున్నది. ఈరోజు ఆ పద్ధతిని గురించే మాట్లాడదలిచాను.

క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లీస్తనీస్ అనే నాయకుడు ఏథెన్స్ పౌరులను పది తెగలుగా విభజించి, తెగకు యాభై మంది చొప్పున 500 మందితో ఒక మండలిని ఏర్పరిచాడు. తర్వాతి కాలంలో ఈ మండలి సభ్యులను ముప్పై ఏళ్లు దాటిన పౌరులలో నుంచి చీటీ ద్వారా ఏడాదికొకసారి తీసేవారు. ఒక మనిషి జీవితకాలంలో రెండుసార్లకు మించి ఆ పదవిలో ఉండడానికి వీలు లేదు. మండలికి అధ్యక్షత వహించే వ్యక్తిని కూడా చీటీ ద్వారానే, అదీ ఒక్క పగలు, ఒక్క రాత్రి కోసం మాత్రమే ఎంచుకునేవారు. నగర ధనం భద్రపరిచిన ఆలయాల తాళపుచెవులు, రాజముద్ర ఆ ఒక్క రోజూ అతని చేతిలో ఉండేవి, మరునాడు ఇంకొకరి చేతికి వెళ్లేవి.

న్యాయస్థానాలకు సభ్యులను తీసిన తీరును కాస్త దగ్గరగా చూద్దాం. అరిస్టాటిల్ పేరున ప్రసిద్ధమైన ఏథెన్స్ రాజ్యాంగ వివరణ ఈజిప్టులో దొరికిన పపైరస్ చుట్టల మీద బయటపడి 1891లో అచ్చయ్యేదాకా ఈ వివరాలు ఆధునిక ప్రపంచానికి సరిగా తెలియవు. ప్రతి సభ్యుడికీ తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెక్కిన చిన్న ఫలకం ఒకటి ఉండేది. నిలువెత్తు రాతిపలకలో వరుసలు వరుసలుగా తొలిచిన సన్నని గాడులలో ఆ ఫలకాలను గుచ్చేవారు. పలక పక్కన అమర్చిన గొట్టంలో తెల్లని, నల్లని గుండ్లు కలిపి పోసి, కింద నుంచి ఒక్కొక్కటే వదిలేవారు. తెల్లది పడితే ఆ అడ్డవరుసలోని వారందరూ ఆ రోజు న్యాయస్థానానికి ఎంపికైనట్లు. నల్లది పడితే ఆ వరుస అంతా ఇంటికి వెళ్లవలసిందే. ఎవరు ఏ న్యాయస్థానంలో కూర్చోవాలో కూడా అప్పటికప్పుడు మరొక చీటీయే తేల్చేది. వాది గాని ప్రతివాది గాని ముందుగా ఎవరికి లంచం ఇవ్వాలన్నా, ఎవరికి ఇవ్వాలో తెలిసే అవకాశమే లేదు.

లోపల మాట్లాడే సమయాన్ని కింద రంధ్రం ఉన్న నీటికుండతో కొలిచేవారు. ఏథెన్స్ నగర కూడలి అయిన అగోరా తవ్వకాలలో దొరికిన అటువంటి ఒక కుండ నుంచి నీరు పూర్తిగా కారిపోవడానికి ఆరు నిమిషాలు పడుతుంది. తీర్పు వేళ ప్రతి సభ్యుడికీ రెండు కంచు బిళ్లలు ఇచ్చేవారు. ఒకదాని నడిమి ఇరుసు బోలుగా, మరొకదాని ఇరుసు నిండుగా ఉండేది. ఇరుసు కొనలను బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టుకుంటే ఏ బిళ్ల వేస్తున్నారో పక్కవారికి కూడా కనిపించదు. రహస్య ఓటు హక్కును చట్టంలో రాసి ఊరుకోకుండా, దానిని ఒక వస్తువు ఆకారంలోనే భద్రపరచిన ఈ నేర్పు నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది.

ఈ వ్యవస్థను ఆదర్శంగా పూజించాలని నేను చెప్పడం లేదు. స్త్రీలకు, బానిసలకు, బయటి నుంచి వచ్చి స్థిరపడిన వారికి ఇందులో చోటు లేదు. క్రీ.పూ. 399లో సోక్రటీస్‌కు మరణశిక్ష విధించినది కూడా ఇటువంటి న్యాయసభే. అయితే ఏథెన్స్ వారు చీటీని గుడ్డిగా నమ్మలేదని కూడా గుర్తించాలి. యుద్ధవిద్య తెలియవలసిన పదిమంది సేనానులను ఎన్నికతోనే నియమించుకున్నారు. చీటీ వచ్చిన అధికారిని పదవి చేపట్టకముందు విచారించేవారు, దిగిపోయేటప్పుడు లెక్కలు అడిగేవారు. పదవులను చీటీతో ఇవ్వడం ప్రజాస్వామ్య లక్షణమనీ, ఎన్నికతో ఇవ్వడం కొద్దిమంది పాలనకు లక్షణమనీ భావిస్తారని అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో రాశాడు. డబ్బు, పేరు, వంశం ఉన్నవారే ఎన్నికలలో ముందుంటారన్న ఎరుక ఆ మాట వెనుక ఉందనుకుంటాను. మన ఎన్నికల ఖర్చును కళ్లారా చూస్తున్నవారికి దీనిని వివరించనక్కరలేదు.

ఈ పాత పద్ధతి ఇప్పుడు మళ్లీ ఆచరణలోకి వస్తున్నది. ఐర్లండ్‌లో 2016లో ఏర్పాటైన పౌరసభకు సుప్రీంకోర్టు న్యాయమూర్తి మేరీ లాఫోయ్ అధ్యక్షత వహించగా, యాదృచ్ఛికంగా ఎంపికైన 99 మంది సాధారణ పౌరులు సభ్యులయ్యారు. రాజకీయ పక్షాలు దశాబ్దాలుగా తాకడానికి జంకిన గర్భస్రావ నిషేధం మీద వారు ఐదు వారాంతాల పాటు వైద్యులు, న్యాయవాదులు, ఇరుపక్షాల ప్రతినిధులు చెప్పినది విని, చర్చించి, నిషేధాన్ని మార్చాలని సిఫారసు చేశారు. 2018 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 66.4 శాతం ఓటర్లు ఆ మార్పుకు ఆమోదం తెలిపారు. ఫ్రాన్స్‌లో 2019లో వాతావరణ సమస్యపై 150 మందితో ఇటువంటి సభే ఏర్పాటైంది.

మనకూ చీటీ కొత్త కాదు. తమిళనాడులోని పదో శతాబ్దపు ఉత్తరమేరూర్ శాసనాలలో పేర్లు రాసిన తాటాకు చీటీలను కుండలో వేసి గ్రామసంఘ సభ్యులను తీసిన వివరం ఉన్నది. ఈనాటికీ పంచాయతీ ఎన్నికలలో ఓట్లు సమానమైతే లాటరీ తీసి విజేతను ప్రకటిస్తారు. అయితే చీటీని మనం చిక్కుముడి విప్పే చివరి ఉపాయంగా మాత్రమే వాడుతున్నాం. ఒక పురపాలక సంఘంలో చెత్త డంపింగ్ యార్డు ఎక్కడ పెట్టాలన్న వివాదాన్నే తీసుకోండి. ఓటర్ల జాబితా నుంచి చీటీ ద్వారా ఓ నలభై మందిని తీసి, ఇంజనీర్లను, ఆ చుట్టుపక్కల ఇళ్లవారిని వారి ముందు మాట్లాడించి, సిఫారసు అడగడానికి అడ్డేమున్నది? వారిలో రోజు కూలీకి వెళ్లేవారు ఉంటారు కనుక పోగొట్టుకున్న కూలీని సభే చెల్లించాలి. న్యాయసభలో కూర్చున్న పేదవాడు ఆ రోజు పస్తుండకూడదని పెరిక్లీస్ అనే నాయకుడి కాలంలోనే ఏథెన్స్ సభ్యులకు దినభత్యం ఇవ్వడం మొదలుపెట్టింది. మనం ప్రారంభించవలసినది కూడా అక్కడి నుంచేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.