ఫోన్-ఇన్: బడిలోనే ఉంటున్నాను, పాఠం మాత్రం సాగడం లేదు

వ్యాఖ్యాత: చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మండలం నుంచి ఒక ఉపాధ్యాయుడు లైనులో ఉన్నారు. పేరు చెప్పవద్దన్నారు. సమాధానం ఇవ్వడానికి, ప్రభుత్వ బడుల్లోనే పనిచేసి పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయురాలు మన స్టూడియోలో ఉన్నారు. చెప్పండి మాస్టారూ.

శ్రోత: నమస్కారం మేడమ్. మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి ఐదు తరగతుల దాకా 22 మంది పిల్లలు. ఉద్యోగం మానేద్దామా అనిపిస్తోంది.

నిపుణురాలు: పిల్లలతో విసిగిపోయారా?

శ్రోత: అయ్యో, పిల్లలతో కాదు మేడమ్. వాళ్ల దగ్గరికి వెళ్లనివ్వని పనులతో. పొద్దున బడికి రాగానే ముఖం చూపించి నా హాజరు, ఆ తర్వాత పిల్లల హాజరు, భోజనం లెక్క, గుడ్ల లెక్క. అన్నీ ఫోనులోనే. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే వేపచెట్టు కిందికి వెళ్లాలి. మూడో తరగతి పాప ఒకతి ఉంది. ఒత్తులు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్నాయి. 'చెట్టు' అన్న మాట మీద వేలు పెట్టి, 'చె... టు...' అంటూ నా ముఖం చూసింది. అంతలోనే ఏదో వివరం వెంటనే పంపమని ఫోను. మాట్లాడి వచ్చేసరికి పుస్తకం మూసేసి పక్కపిల్లతో ఆడుకుంటోంది. ఆ క్షణం మళ్లీ రాదు మేడమ్!

వ్యాఖ్యాత: ఉపాధ్యాయ వృత్తి అంటే సేవ కదా, కాస్త ఓపిక పడితే...

నిపుణురాలు: ఆ మాట వద్దండీ. ఓపిక ఆయనకు కావలసినంత ఉంది, లేనిది సమయం. మాస్టారూ, విద్యాహక్కు చట్టం చూశారా?

శ్రోత: సెక్షన్ 27 తెలుసు మేడమ్. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు అప్పగించకూడదని.

నిపుణురాలు: అది పట్టుకుని వెళ్తే అధికారులు, 'హాజరు, భోజనం లెక్కలు బడి పనులే కదా' అంటారు. వాదన అక్కడితో ఆగిపోతుంది. మీకు బలం ఆ 2009 చట్టం చివర ఉన్న షెడ్యూలులో ఉంది. ప్రాథమిక బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని అందులో రాసి ఉంది. మీ 22 మందికీ అదే వర్తిస్తుంది. రెండో మనిషి ఉంటే ఒకరు లెక్కలు చూసుకుంటుంటే ఇంకొకరు ఆ పాప పక్కన కూర్చోగలరు.

శ్రోత: అడిగాను మేడమ్. పిల్లలు తక్కువ, సర్దుకోమన్నారు.

నిపుణురాలు: నోటితో అడిగారు కదా? ఈసారి తల్లిదండ్రుల చేత అడిగించండి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని సెక్షన్ 21 చెబుతోంది. సమావేశం పెట్టి, రెండో ఉపాధ్యాయుడు కావాలని తీర్మానం రాయించండి. దాన్ని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో తల్లులే ఇవ్వాలి. మీరు వెళ్తే సర్వీసు నిబంధనలు అడ్డొస్తాయి.

శ్రోత: జూన్‌లో అయితే తల్లులు దొరకరు మేడమ్. తోతాపురి మామిడి కోతలకు తెల్లవారకముందే వెళ్లిపోతారు. పెద్దపిల్లలు కొందరు ఇంట్లో చిన్నవాళ్లను చూసుకుంటూ బడికే రారు.

నిపుణురాలు: అయితే సమావేశం రాత్రి భోజనాల వేళ పెట్టండి. మా రోజుల్లో గుడి అరుగు మీద పెట్టేవాళ్లం, జనం బాగా వచ్చేవారు. ఇంకొకటి. తప్పనిసరి హాజరు అయిపోయాక మొదటి గంట ఫోను బీరువాలో పెట్టేయండి. ఆ గంటలో చదవడం ఒక్కటే చేయించండి. తరగతుల లెక్క వదిలేసి, అక్షరాలు రాని వాళ్లు, ఒత్తుల దగ్గర తడబడేవాళ్లు, చదవగలిగేవాళ్లు అని మూడు జట్లు చేయండి. ఐదో తరగతి పిల్లలు చిన్నవాళ్లను చదివించడంలో కొంత చేయందిస్తారు.

శ్రోత: ఆ గంటలో పైనుంచి ఫోను వస్తే?

నిపుణురాలు: ముందే కాంప్లెక్స్ సమావేశంలో, అంటే చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులంతా కలిసే సమావేశంలో, 'ఈ గంట పఠన సమయం, తర్వాత నేనే ఫోను చేస్తాను' అని రాతపూర్వకంగా ఇవ్వండి. పిల్లల చదువు కోసం అడుగుతున్నారని తెలిస్తే చాలామంది కాదనరు. అయినా కోప్పడేవారు కొందరుంటారు. అది భరించాల్సిందే, నేను దాచను.

శ్రోత: రాజీనామా సంగతి?

నిపుణురాలు: తీర్మానం కలెక్టరేట్‌కు చేరి, దానికి జవాబు వచ్చేదాకా ఆగండి. మీరు వెళ్లిపోతే ఆ బడిలో 22 మందికి ఆ ఒక్కరూ ఉండరు. అర్జీకి పిల్లల హాజరు పట్టీ నకలు జతచేసి, రసీదు తప్పకుండా తీసుకోమని తల్లులకు చెప్పండి.

శ్రోత: ఈ వారమే కమిటీని పిలుస్తాను మేడమ్.