టెనర్ సాక్సోఫోన్ గొంతు ఎక్కడుంది?

శ్రోతలకు నమస్కారం.

ముందుగా ఒక చిన్న పని చేసి చూడండి. మీకు హాయిగా పలికే శ్రుతి ఒకటి పట్టుకుని "ఊ" అని సాగదీయండి. శ్రుతి కదలకుండా, ఊపిరి తెగకుండా దాన్నే "ఓ"లోకి, "ఆ"లోకి, "ఏ"లోకి, చివరికి "ఈ"లోకి తీసుకెళ్లండి. షడ్జం అక్కడే ఉంది, గొంతూ మీదే. అయినా "ఊ" దగ్గర గుండ్రంగా, లోపల్నుంచి వస్తున్నట్టున్న నాదం "ఈ" దగ్గరికొచ్చేసరికి సన్నబడి ముందుకు దూసుకొచ్చింది. మారిందల్లా పెదవుల తీరు, నాలుకకూ అంగిటికీ మధ్య ఉన్న ఖాళీ. టెనర్ సాక్సోఫోన్‌లో ఏది బాగా పలుకుతుంది, నోట్లో పెట్టుకుని ఊదే ముక్క, అంటే మౌత్‌పీస్, ఏది మంచిది అని జరిగే వాదన చాలామటుకు ఇలాంటి ఖాళీ గురించే.

మనవాళ్లకు సాక్సోఫోన్ అనగానే కద్రి గోపాల్‌నాథ్ గారు గుర్తొస్తారు. 2019లో కన్నుమూసిన ఆ విద్వాంసుడు వాయించింది ఆల్టో అనే రకం. టెనర్ దానికి అన్నలాంటిది. షడ్జం నుంచి శుద్ధ మధ్యమం ఎంత దూరమో, ఆల్టో కన్నా టెనర్ అంత కింద పలుకుతుంది. టెనర్ అట్టడుగు స్వరం సుమారు 104 హెర్ట్జ్, మామూలు వేళ్లతో పలికే పై స్వరం సుమారు 659 హెర్ట్జ్. అంటే మగవాళ్ల మంద్రం దగ్గర మొదలై ఆడవాళ్ల తారస్థాయి దాకా. మనిషి గొంతు తిరిగే మేరలోనే ఈ వాయిద్యమూ తిరుగుతుంది. అందుకే దాని గొంతు గురించి ఇంత పట్టింపు.

ఇప్పుడు మౌత్‌పీస్‌ను చేతిలోకి తీసుకుందాం. బొటనవేలికన్నా కొంచెం లావుగా, వేలెడు పొడవున ఉంటుంది. రీడు, అంటే ఊదితే అదిరే సన్నని రెల్లు పలక, తీసేసి వెలుతురుకెదురుగా పట్టుకుని లోపలికి చూడండి. కొన అంచు దాటగానే, రీడుకు ఎదురుగా ఉండే లోపలి కప్పు కనబడుతుంది. దాన్ని బ్యాఫిల్ అంటారు. అది రీడుకు దగ్గరగా, ఎత్తుగా ఉంటే "ఈ" లాంటి ధ్వని: పదును, గట్టిదనం, బృందంలో గిటార్లనూ డ్రమ్ములనూ దాటి వినబడే శక్తి. కొన దగ్గర్నుంచే కిందికి జారిపోతూ ఉంటే "ఓ" లాంటి ధ్వని. బ్యాఫిల్ వెనకాల ఉండే గది పేరు ఛాంబర్. అది పెద్దదైతే నాదం గుండ్రంగా, చిన్నదైతే బిగువుగా వస్తుంది. నిజం చెప్పాలంటే, ఈ రెండింటినీ కళ్లతో చూసినవాడికి మౌత్‌పీస్ పెట్టె మీద రాసిన పొగడ్తలతో పనిలేదు.

ఇక కొన దగ్గర రీడుకూ మౌత్‌పీస్‌కూ మధ్య ఉండే సందు. దీన్నే టిప్ ఓపెనింగ్ అంటారు. ఓటో లింక్ కంపెనీ టెనర్ మౌత్‌పీస్‌ల్లో 5వ నంబరు అంటే అంగుళంలో వెయ్యింట 80 వంతులు, 6 అంటే 90, 7 అంటే 100, 8 అంటే 110. మిల్లీమీటర్లలో చెప్పుకుంటే 7వ నంబరు 2.54. బెర్గ్ లార్సెన్ వాళ్లు నేరుగా ఆ వెయ్యింట వంతులనే చెక్కుతారు. అందుకే వాళ్ల 110, లింక్ వాళ్ల 8 ఒకే సందు. మరో కంపెనీ 7 అని రాస్తే అది ఇంకో కొలత కావచ్చు. నంబరు చూసి కొనేసి, రెండు నెలలు పెదవి నొప్పితో బాధపడేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

సందు పెరిగిన కొద్దీ రీడు మెత్తబడాలి. సందు 80 ఉన్నచోట 3వ నంబరు రీడు బాగా పలికితే, 100 దగ్గర రెండున్నర చాలు. రీడు గట్టిదైతే స్వరంతోపాటు గాలి బుసబుస వినబడుతుంది, కింది స్వరాలు మొరాయిస్తాయి. మరీ మెత్తదైతే పై స్వరాలు శ్రుతి దిగిపోతాయి, గట్టిగా ఊదగానే రీడు అతుక్కుపోయి శబ్దం ఆగిపోతుంది. మౌత్‌పీస్ బాగాలేదని పక్కన పెట్టేసినవాటిలో ఎన్నో నిజానికి రీడు కుదరక పోయినవే.

మరి లోహపు మౌత్‌పీస్ పదునుగా పలుకుతుంది, ఎబొనైట్ అనే నల్లటి గట్టి రబ్బరు మౌత్‌పీస్ మెత్తగా పలుకుతుంది అంటారు కదా? లోపలి ఆకారం ఒకటే అయినప్పుడు ఏది లోహమో, ఏది ఎబొనైటో వినేవాడికి చెప్పడం చాలా కష్టం. ఆ పేరు రావడానికి కారణాలున్నాయి. ఎత్తు బ్యాఫిల్ ఉన్న మౌత్‌పీస్‌లు ఎక్కువగా లోహంతో చేశారు. లోహపుది సన్నగా ఉంటుంది కాబట్టి నోరు తెరిచే తీరు మారి, వాయించేవాడికి వేరుగా అనిపిస్తుంది. అదే ఓటో లింక్ వాళ్ల సూపర్ టోన్ మాస్టర్ చూడండి. లోహమే, కానీ ఛాంబర్ పెద్దది, బ్యాఫిల్ తక్కువ. దాని గొంతు "ఈ" కాదు, "ఓ"కే దగ్గర.

దీనికి చెవులకే సాక్ష్యం ఉంది. సెల్మర్ పారిస్ కంపెనీ 1954లో మార్క్ సిక్స్ అనే సాక్సోఫోన్ మోడల్ తెచ్చింది. దాన్ని వాయించిన ముగ్గురు జాజ్ విద్వాంసుల్ని చూడండి. జాన్ కోల్ట్రేన్ దాన్ని లోహపు ఓటో లింక్‌తో వాయించారు. స్టాన్ గెట్జ్ ఎబొనైట్ మౌత్‌పీస్‌తో, మైకేల్ బ్రెకర్ పదునైన గార్డాలా మౌత్‌పీస్‌తో వాయించారు. మోడల్ ఒక్కటే. గెట్జ్ నాదం ఊపిరి కలిసిన గుసగుసలా ఉంటుంది. కోల్ట్రేన్‌ది కంచు మోగినట్టు నిక్కచ్చిగా. బ్రెకర్‌ది చీకట్లో టార్చి వేసినట్టు. నోరు, పెదవి, ఊపిరి కూడా ముగ్గురివీ వేరే కాబట్టి తేడా అంతా మౌత్‌పీస్‌దే అనలేం. కానీ వాయిద్యం పేరు వినగానే దాని గొంతు ఇలా ఉంటుందని తేల్చేయడం తప్పని ఈ ముగ్గురూ చెప్పకనే చెబుతున్నారు. అయిదంకెల సీరియల్ నంబరున్న మార్క్ సిక్స్‌లకు ఇచ్చే అదనపు ధరలో చాలా భాగం ఆ నంబరుకే గానీ నాదానికి కాదు.

అలాగని వాయిద్యం ఏమీ చేయదా? చేస్తుంది. స్వరాల మధ్య సమానత, శ్రుతి నిలకడ, ఊదగానే స్వరం అందుకునే తీరు, వేళ్ల కింద మీటల అమరిక, ఇవన్నీ వాయిద్యానివే. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్‌లో తయారైన కాన్ 10ఎం టెనర్ విశాలంగా, కింది స్వరాల్లో బరువుగా ఉంటుంది. జాజ్ విద్వాంసుడు డెక్స్‌టర్ గార్డన్ తన తొలినాళ్లలో వాయించింది అదే. క్లీవ్‌లాండ్‌లో పుట్టిన కింగ్ సూపర్ 20 ముందుకు దూకే రకం. యమహా 62 శ్రేణి టెనర్లు శ్రుతి విషయంలో పేచీ పెట్టవు. నేర్చుకునేవాళ్లకు అంతకు మించిన మేలు లేదు.

పాత వాయిద్యాలతో ఒక చిక్కుంది. దాన్ని కాస్త నిదానంగా చూడాలి. సాక్సోఫోన్ గొట్టం శంకువు ఆకారం. ఆ శంకువు మొన కోసేసి, అక్కడ మౌత్‌పీస్ పెడతాం. కోసేసిన మొనలో ఎంత ఖాళీ ఉండేదో, మౌత్‌పీస్ లోపలి ఖాళీ ఇంచుమించు దానికి సరిపోవాలి. 1930ల నాటి కాన్‌లు పెద్ద ఛాంబర్ మౌత్‌పీస్‌లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. దానికి ఇప్పటి సన్నని, ఎత్తు బ్యాఫిల్ మౌత్‌పీస్ తొడిగితే ఖాళీ చాలదు, వాయిద్యం మొత్తం శ్రుతి ఎక్కుతుంది. సరిచేద్దామని మౌత్‌పీస్‌ను బయటికి లాగుతాం. అది తాను తొడుక్కునే కార్కు చివరికొచ్చి ఊగిసలాడుతుంది. అప్పటికీ కింది స్వరాలు ఒకచోట, పై స్వరాలు మరోచోట ఉంటాయి. "ఈ కాన్ శ్రుతి బాగాలేదు" అని వాయిద్యానికి చెడ్డపేరు పెట్టేముందు ఒక పెద్ద ఛాంబర్ మౌత్‌పీస్ తొడిగి చూడాలి.

ఇంకొకటి. పాత టెనర్‌కు ప్యాడులు, అంటే రంధ్రాలను మూసే మెత్తని దిండ్లు, మార్పించినప్పుడు ఆ ప్యాడుల మధ్యలో లోహపు బిళ్లలు పెడతారు. వాటిని రెజొనేటర్లు అంటారు. మునుపు చిన్నవి ఉన్నచోట పెద్ద బిళ్లలు పెడితే గొంతు పదునెక్కుతుంది. పైన పూసిన లక్క పోయిందా, ఉందా అన్నదానికన్నా ఈ బిళ్లలే ఎక్కువ తేడా తెస్తాయి. కాబట్టి ఒకే మోడల్ టెనర్లు రెండింటిని పోల్చేటప్పుడు ప్యాడులు ఎప్పుడు మార్చారో, ఏ బిళ్లలు వేశారో అడగండి.

పోల్చడానికి కూర్చునే ముందు గాలి ఎక్కడా కారకుండా చూసుకోవాలి. లీకున్న వాయిద్యంతో మౌత్‌పీస్‌లను పోల్చడం చిల్లుకుండతో నీళ్లు కొలవడమే. మొదట రీడు. రీడు బిగించిన మౌత్‌పీస్ వెనక భాగాన్ని అరచేత్తో మూసి, నోటితో గాలి పీల్చి, నోరు తీసేయండి. రీడు ఒక క్షణం అతుక్కునే ఉండి "టప్" మని విడిపోతే రీడు సరిగ్గా కూర్చున్నట్టు. వెంటనే వదిలేస్తే రీడు అడుగు వంగి ఉండొచ్చు, లేదా మౌత్‌పీస్ మీద రీడు ఆనే తలమే చదునుగా లేకపోవచ్చు. రీడు కొన పైన మౌత్‌పీస్ నల్లని అంచు వెంట్రుక మందాన కనబడాలి. తర్వాత నెక్, అంటే మౌత్‌పీస్ తొడిగే వంపు గొట్టం. వాయిద్యంలో దూరిన చోట అది వదులుగా ఉంటే కింది స్వరాలన్నీ పాడవుతాయి. చీకటి గదిలో గొట్టంలోకి సన్నని దీపపు తీగ దించి, ప్యాడులు మూసి చూడండి. వెలుతురు గీత కనబడినచోట లీకు. చివరగా కింది డి స్వరం పట్టుకుని, ఎడమ చిటికెన వేలితో జి-షార్ప్ మీట నొక్కండి. స్వరం ఏమాత్రం మారకూడదు. బొంగురుపోతే జి-షార్ప్ ప్యాడును అణచి ఉంచే స్క్రూ సరిచేయాలి. ఐదు నిమిషాల పని.

ఇక పోలిక. పది, పదిహేను నిమిషాలు ఊది వాయిద్యాన్ని వేడెక్కనివ్వండి. చల్లటి గొట్టం శ్రుతి తక్కువ పలుకుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. మౌత్‌పీస్‌లను పోల్చేటప్పుడు వాయిద్యం, గది, నిలబడే చోటు అన్నీ అవే ఉండాలి. రెండు మౌత్‌పీస్‌ల సందులో వెయ్యింట పది వంతుల లోపే తేడా ఉంటే అదే రీడు రెండింటికీ వాడొచ్చు. అంతకు మించితే దేనికి కుదిరే రీడు దానికి పెట్టాలి. ప్రతి మౌత్‌పీస్‌నూ మళ్లీ విడిగా శ్రుతి చేసుకోవాలి. ఛాంబర్ మారితే కార్కు మీద దాని చోటు మారుతుంది. మునుపటి గుర్తు దగ్గరే ఆపేస్తే వినేది నాదంలో తేడా కాదు, అపశ్రుతి.

వరుస కూడా ముఖ్యం. మొదటిది, రెండోది, మళ్లీ రెండోది, మళ్లీ మొదటిది. ఇలా ఎందుకంటే వాయించే కొద్దీ పెదవి అలుస్తుంది, రీడు నాని బరువెక్కుతుంది. ఆఖర్న వాయించినదానికి ఆ నష్టమంతా అంటగట్టకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది శబ్దం హెచ్చుతగ్గు. ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నా చెవికి అదే "బాగుంది" అనిపిస్తుంది. ఎత్తు బ్యాఫిల్ మౌత్‌పీస్‌లు దుకాణంలో గెలిచి, ఇంటికొచ్చాక విసుగు పుట్టించేది ఇందుకే. రికార్డు చేసి, రెండింటినీ ఒకే గట్టిదనానికి తెచ్చి వినండి. మైకును బెల్, అంటే వాయిద్యం చివర విచ్చుకున్న భాగం, నోట్లో పెట్టకండి. సాక్సోఫోన్ నాదం ఒక్క బెల్ నుంచే రాదు, తెరిచిన రంధ్రాలన్నింటి నుంచీ వస్తుంది. రెండు మీటర్ల దూరంలో, ఛాతీ ఎత్తులో పెట్టండి. ఫోనులో రికార్డు చేస్తే శబ్దాన్ని దానంతటదే సర్దే సదుపాయాన్ని ఆపేయాలి. లేకపోతే మెల్లగా ఊదినా, గట్టిగా ఊదినా ఒకేలా వినబడి, పోలిక వృథా అవుతుంది.

ఏం వాయించాలి? త్వరత్వరగా వేళ్లు ఆడించే సంచారాలు మాత్రం వద్దు. వాటిలో గొంతు కనబడదు. అట్టడుగు బి-ఫ్లాట్‌ను వీలైనంత మెల్లగా ఎత్తుకోండి. గడగడలాడుతూ పలికితే లీకైనా ఉండాలి, లేదా మౌత్‌పీస్ ఆ వాయిద్యానికి కుదరకపోయి ఉండాలి. తర్వాత మధ్యలో ఉండే సి-షార్ప్ నుంచి పక్కనున్న డి కి వెళ్లండి. సి-షార్ప్‌కు వేళ్లన్నీ తెరిచి ఉంటాయి, అది పల్చగా పలుకుతుంది. డి కి దాదాపు అన్నీ మూసుకుంటాయి, అది ముక్కుపట్టేసినట్టు ఉంటుంది. ఈ రెండు స్వరాల మధ్య గొంతు ఎంత తక్కువ మారితే ఆ జోడీ అంత మంచిది. కర్ణాటక సంగీతం వాయించేవాళ్లయితే రిషభం నుంచి గాంధారానికి దవడతో జారి, అక్కడే నిలబడి చూడాలి. సందు పెద్దదై, రీడు మెత్తనైతే జారడం సులువు, నిలబడటం కష్టం. తోడిలో గాంధారానికి సుఖంగా ఉన్న మౌత్‌పీస్, తంబుర పక్కన షడ్జం పట్టి నిలిపితే ఊగిపోవచ్చు. రెండూ పరీక్షించకుండా తీసుకోవద్దు.

వాయించేవాడికి వినబడేది, ఎదురుగా కూర్చున్నవాడికి వినబడేది ఒకటి కాదు. పైపళ్లు మౌత్‌పీస్ మీద ఆని ఉంటాయి కాబట్టి ఆ అదురు పుర్రె ఎముక గుండా నేరుగా చెవికి చేరుతుంది. మౌత్‌పీస్ పైన రబ్బరు బిళ్ల అతికిస్తే వాయించేవాడికి గొంతు మెత్తబడినట్టు అనిపిస్తుంది. ఎదుటివాళ్లకు మాత్రం మునుపటిలాగే వినిపిస్తుంది. అందుకని తుది తీర్పుకు ఇంకొకరి చెవులు కావాలి. ఆ మనిషిని వీపు తిప్పి కూర్చోబెట్టండి, పేర్లు చెప్పకండి, ఒకటి, రెండు అని మాత్రమే రాయమనండి.

నచ్చిన మౌత్‌పీస్ దొరికాక దాని కొన అంచును కాపాడుకోండి. అక్కడ గోటి గీతంత దెబ్బ తగిలినా రీడు సరిగ్గా మూసుకోక కీచుమంటుంది. వాయించిన ప్రతిసారీ రీడు తీసి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, తొడుగు పెట్టండి. ఎబొనైట్‌ను వేడినీళ్లలో మాత్రం ముంచొద్దు. పచ్చగా మారి గంధకపు వాసన వేస్తుంది, తలం వంకరపోయే ప్రమాదమూ ఉంది.

నమస్కారం.