మళ్ళీ సరళీ వరుసల దగ్గరికి: నాదియా బులాంజే కథ

[దృశ్యం: హనుమకొండ. మేడ మీద చిన్న గది, చాప, శ్రుతిపెట్టె.]

మా వీధిలో సాయంత్రమైతే ఇదే వినిపిస్తుంది. ఈ అమ్మాయికి నాలుగు కీర్తనలు వచ్చు. అయినా కొత్త టీచరమ్మ సరళీ వరుసలు మొదటి కాలంలో పాడమంది. పిల్ల మూతి ముడుచుకుంది.

న్యూయార్క్ జూలియార్డ్ సంగీత కళాశాలలో చదువు ముగించి 1964లో పారిస్ వెళ్ళిన అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్‌కూ ఇదే అయింది. డెబ్బై దాటిన ఒక పెద్దావిడ అతణ్ణి కౌంటర్‌పాయింట్ మొదటి పాఠాల దగ్గర కూర్చోబెట్టింది. ఒక వరస నడుస్తుంటే, దానికి అడ్డు తగలకుండా ఇంకో వరస నడపడమే కౌంటర్‌పాయింట్. ఆవిడ పేరు నాదియా బులాంజే.

[దృశ్యం: పాత పారిస్ ఫొటోలు.]

పుట్టింది 1887లో, పారిస్‌లో. తండ్రి కూడా స్వరకర్తే. 1908లో ప్రి ద రోమ్ అనే పేరున్న ఫ్రెంచ్ స్వరకర్తల పోటీలో గొంతులకు ఫ్యూగ్ (ఒకే వరసను ఒకరి తర్వాత ఒకరు అందుకునే రచన) రాయమంటే, ఈమె తీగ వాద్యాలకు రాసింది. జడ్జీల మధ్య పెద్ద గొడవ! చివరికి రెండో బహుమతి ఇచ్చారు. 1913లో అదే పోటీలో చెల్లెలు లిలీకి మొదటి బహుమతి వచ్చింది. సంగీతంలో దాన్ని గెలిచిన మొదటి మహిళ లిలీయే, అప్పటికి 19 ఏళ్ళు. 1918లో, 24 ఏళ్ళకే జబ్బుతో పోయింది.

కొన్నేళ్ళకు నాదియా రాయడం దాదాపు మానేసింది. తన సంగీతం పనికిరానిదని తనే అనేది. నేనైతే ఒప్పుకోను. సెల్లో, పియానోలకు ఆమె రాసిన మూడు చిన్న రచనలున్నాయి, ఒకసారి వినండి.

ఇక మిగిలింది పాఠాలు. అమెరికా సంగీతంలో పెద్ద పేర్లు కోప్లాండ్, క్విన్సీ జోన్స్ ఇద్దరూ ఆమె శిష్యులే. నాకు మాత్రం 1954లో అర్జెంటీనా నుంచి వచ్చిన స్వరకర్త పియాజోలా కథే ఇష్టం.

[దృశ్యం: బాండోనియన్, దగ్గరగా.]

ఇది బాండోనియన్. మన భజన హార్మోనియంలాగే గాలితిత్తి ఉంటుంది, కాకపోతే ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా సాగదీస్తారు. పియాజోలా దీనిమీద క్యాబరేల్లో, అంటే రాత్రి క్లబ్బుల్లో, టాంగో అనే అర్జెంటీనా డాన్సు సంగీతం వాయించేవాడు. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి సిగ్గు. ఒగ్గుకథకు డోలు కొట్టిన కుర్రాడు సంగీత కళాశాలకొచ్చి ఆ మాట నోరెత్తనట్టు!

అతను తెచ్చిన సింఫనీలు, అంటే పెద్ద వాద్యబృందానికి రాసిన రచనలు, ఆమె తిరగేసింది. రాత బాగుంది, ఇందులో నువ్వెక్కడున్నావని అడిగింది. గుచ్చి గుచ్చి అడిగితే టాంగో సంగతి బయటపడింది. ఏదీ, ఒకటి వాయించమంది. పియానో మీదే వాయించాడు.

ఆమె అతని చేతులు పట్టుకుంది. అసలు పియాజోలా ఇక్కడున్నాడు, వీణ్ణి వదలొద్దు అంది.